వినలేనివారు తయారుచేసుకున్న ఫోను

టెలిఫోనును కనిపెట్టినది ఎవరని అడిగితే బడిపిల్లలు కూడా అలెగ్జాండర్ గ్రాహంబెల్ అని తడుముకోకుండా చెప్తారు. అయితే ఆ బెల్‌గారి తల్లికి చెవుడనీ, ఆయన పెండ్లాడిన మేబెల్ చిన్ననాడే, సుమారు ఐదేండ్ల ప్రాయములో, స్కార్లెట్ జ్వరము వచ్చి వినికిడి పోగొట్టుకున్నదనీ, చెవిటి పిల్లలకు చదువు చెప్పడమే ఆయన వృత్తి అనీ మనలో ఎంతమందికి తెలుసు? తల్లితో మాట్లాడేటప్పుడు ఆయన ఆమె నుదుటికి దగ్గరగా నోరు పెట్టి మాట్లాడేవాడట. ఆ అదురు ఎముకల గుండా ఆమెకు కొంత అందేది.

అటువంటి ఇంట పుట్టిన టెలిఫోను 1876లో లోకములోనికి వచ్చింది. ఆ ఇంటి తల్లికి గాని, ఆ ఇంటి ఇల్లాలికి గాని, ఆ పంతులుగారి శిష్యులకు గాని అది ఎందుకూ కొరగాలేదు. లోకములో మిగిలిన వారందరినీ దగ్గర చేసిన వస్తువు చెవిటివారిని ఇంకా దూరము నెట్టింది. ఈ సంగతి దిద్దబడటానికి 88 సంవత్సరములు పట్టింది. దిద్దినవారు బెల్‌గారి వారసులైన కోటీశ్వరుల కంపెనీవారు కాదు; ముగ్గురు చెవిటి మనుష్యులు. వారిలో మొదటివాని కథే ముఖ్యముగా ఈ నెల మీ ముందు పెడుతున్నాము.

గంట మోగని ఇల్లు

మన పల్లెలకు ఫోను ఆలస్యముగా వచ్చింది గనుక ఆ బాధ ఎటువంటిదో మనకు వెంటనే తోచదు. ఊరిలో ఎవరికీ ఫోను లేనప్పుడు ఫోను లేకపోవడము లోపము కాదు. అందరికీ ఉండి ఒకరికి లేనప్పుడే అది గోడ అవుతుంది. అమెరికా దేశములో రెండవ ప్రపంచ యుద్ధము తర్వాత ఫోను లేని ఇండ్లు తగ్గిపోతూ వచ్చాయి. డాక్టరును పిలవాలన్నా, ఉద్యోగము అడగాలన్నా, అంగడివాడిని సరుకు పంపమనాలన్నా ఫోనే. పిలవడానికి మనుష్యులను పంపే అలవాటే పోయింది.

చెవిటి కుటుంబాలవారు ఆ రోజుల్లో ఎలా బ్రతికారో వారే చెప్పుకున్న సంగతులు వింటే మనసు కలుక్కుమంటుంది. స్నేహితుని చూడాలని ముప్పై నలభై మైళ్ళు కారు నడుపుకొని పోతే ఇంటికి తాళము. తలుపు సందులో చీటీ పెట్టి వెనక్కి రావడము. అర్ధరాత్రి బిడ్డకు జ్వరము ముదిరితే పొరుగువారి తలుపు తట్టి, నిద్ర చెడగొట్టినందుకు తల వంచుకొని, కాగితము మీద వ్రాసి చూపి, డాక్టరుకు ఫోను చేయమని బ్రతిమాలుకోవడము. ఇక చెవులు వినిపించే పిల్లలున్న చెవిటి తల్లిదండ్రుల సంగతి మరీ విచిత్రము. ఏడెనిమిదేండ్ల పిల్ల ఫోను పట్టుకొని బ్యాంకువారితో అప్పు సంగతి, ఆసుపత్రివారితో అమ్మ జబ్బు సంగతి మాట్లాడవలసి వచ్చేది. పిల్లల చెవిన పడకూడని మాటలు కూడా ముందు పిల్లల చెవినే పడేవి. పెద్దవారి మర్యాద, గుట్టు అనేవి ఆ ఇండ్లలో నిలిచేవి కావు.

ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. ఫోను తయారుచేసినవాడు చెవి ఉన్న మనిషిని మనసులో పెట్టుకొని తయారుచేశాడు, అంతే. మెట్లు కట్టే మేస్త్రి నడవగలిగిన మనిషిని మనసులో పెట్టుకొని కట్టినట్టు. ఆ మేస్త్రి చెడ్డవాడు కాడు. కాని కుంటివాడు మాత్రము బయటే మిగిలిపోతాడు.

నక్షత్రాలు, రేడియో

రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ 1920 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా రాష్ట్రములో ఆరెంజ్ అనే ఊరిలో పుట్టాడు. పుట్టు చెవుడు. చెవిటి పిల్లల బడికి కాక వినగలిగిన పిల్లల బడులకే వెళ్ళి, పంతుళ్ళ పెదవుల కదలిక చూసి పాఠము గ్రహించుకున్నాడు. బిడియము గల పిల్లవాడు. మనుష్యులతో మాట కష్టము గనుక ఆకాశమువైపు తిరిగాడో ఏమో, నక్షత్రాల శాస్త్రము మీద పిచ్చి ప్రేమ పట్టుకుంది. రెండవ పిచ్చి రేడియో. చెవిటివానికి రేడియో ఏమిటని మీరు నవ్వవచ్చు. ఆ నవ్వులోనే సంగతంతా ఉన్నది.

ఒకప్పుడు మన తపాలా కచేరీలలో తంతి యంత్రము టిక్కు టిక్కుమని కొట్టడము పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. (2013 జూలైతో మన దేశములో తంతి సేవయే ఆగిపోయింది.) చుక్క, గీత, చుక్క, గీత. ఆ మోర్సు లిపిని రేడియో తరంగాల మీద పంపుకుంటూ ఎక్కడెక్కడివారితోనో ముచ్చటించుకొనే సరదా మనుష్యులను 'హామ్'లు అంటారు. మిగిలిన హామ్‌లు ఆ చప్పుడును చెవితో వినేవారు. వైట్‌బ్రెక్ట్ దాని అదురును వ్రేళ్ళతో పట్టుకొనేవాడు. చుక్కకు ఒక తాకు, గీతకు ఒక సాగిన తాకు. అవతలి హామ్‌కు తాను మాట్లాడుతున్నది చెవిటివానితో అని తెలియనే తెలియదు! ఇంటి పక్కవానితో మాట కలపలేనివాడు గాలిలో దేశాలు దాటి కబుర్లు చెప్పుకున్నాడు.

1942లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో పట్టా పుచ్చుకున్నాడు. యుద్ధకాలములో అక్కడి రేడియేషను ప్రయోగశాలలోను, పిమ్మట నౌకాదళమువారి పరిశోధనా కేంద్రములోను పనిచేశాడు. తరువాత షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యెర్కిస్ నక్షత్రశాలలో చేరి, నక్షత్రాల వెలుగును కొలిచే ఎలక్ట్రానిక్ పనిముట్లు తయారుచేశాడు. 1957లో ఆ విశ్వవిద్యాలయము నుండే ఎం.ఎస్. తీసుకున్నాడు. 1958లో కాలిఫోర్నియాకు తిరిగి వచ్చి స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో భౌతిక శాస్త్రవేత్తగా కుదురుకున్నాడు. చెవుడు ఉన్నదని ఆయనను ఎవరూ జాలితో ఉద్యోగములో పెట్టుకోలేదు. పని వచ్చు గనుక పెట్టుకున్నారు.

ఈలోగా ఆయన చేతికి ఒక పాత టెలిప్రింటరు చిక్కింది. పత్రికల కార్యాలయాలలో రాత్రింబగళ్ళు టకటక కొట్టుకుంటూ వార్తలు అచ్చు వేసే యంత్రమే అది. దానిని తన రేడియోకు తగిలించుకున్నాడు. అక్కడి మిత్రుడు టైపు కొడితే ఇక్కడ కాగితము మీద అక్షరాలు పడేవి. ఇక వ్రేళ్ళతో తడుముకోవలసిన పని లేదు.

విమానము ఎక్కివచ్చిన దంతవైద్యుడు

జేమ్స్ మార్‌స్టర్స్‌ అనే ఆయన 1924లో న్యూయార్క్ రాష్ట్రములో పుట్టి, పసితనములోనే జబ్బు చేసి చెవుడు తెచ్చుకున్నాడు. దంతవైద్యుడు కావాలని ఆయన పట్టుదల. చెవిటివాడు రోగి బాధ ఎలా వింటాడని కళాశాలలవారు తిప్పి పంపారు. ఆయన మళ్ళీ మళ్ళీ అడిగి, 1952లో న్యూయార్క్ విశ్వవిద్యాలయము నుండి పట్టాతో బయటకు వచ్చాడు. తరువాత వంకర పళ్ళు సరిచేసే విద్య కూడా నేర్చుకొని కాలిఫోర్నియాలోని పాసడీనా పట్టణములో వైద్యశాల తెరిచాడు. అంతటితో ఊరుకోక విమానము నడపడము కూడా నేర్చుకున్నాడు.

ఇంతటి మనిషికి కూడా ఫోను దగ్గర చేతులు కట్టేసినట్టే ఉండేది. ఎవరైనా ఫోను చేస్తే సహాయకురాలు అవతలి మాట విని పెదవులు కదిపితే, ఆ పెదవులు చూసి ఈయన తన నోటితో జవాబు చెప్పేవాడు. రోజంతా ఇంకొకరి చెవి అరువు తెచ్చుకోవడము ఎంత విసుగో ఆలోచించండి.

రేడియోకు టెలిప్రింటరు తగిలించుకున్న చెవిటి శాస్త్రవేత్త ఒకడున్నాడని ఆయన చెవిన పడింది (ఈ మాట వాడకము ఎంత అలవాటైపోయిందో చూడండి!). విమానము వేసుకొని రెడ్‌వుడ్ సిటీకి వెళ్ళి వైట్‌బ్రెక్ట్‌ను కలిశాడు. ఆయన అడిగినది ఒక్కటే మాట: రేడియో మీద నడిచేది ఫోను తీగ మీద ఎందుకు నడవకూడదు?

మూడవవాడు ఆండ్రూ శాక్స్. అమెరికాలో పేరుమోసిన శాక్స్ బట్టల దుకాణాలు స్థాపించినవారి మనుమడు. ఆయనా చెవిటివాడే, ఇంజనీరు. ఇంటిలో పసిబిడ్డ ఏడిస్తే దీపము వెలిగేలా ఒక ఏర్పాటు చేసుకున్నాడు. ఒకరికి తెలివి, ఒకరికి తొందర, ఒకరికి డబ్బు ఉన్నవి. నిజము చెప్పాలంటే మంచిపని ఏదైనా సాగాలంటే ఈ మూడూ ఒకచోట చేరవలసిందే. ఒకే మనిషిలో మూడూ ఉండటము అరుదు.

రెండు ఊళలు

అడ్డు ఎక్కడ వచ్చిందంటే, ఆ రోజుల్లో అమెరికా ఫోను తీగలన్నీ దాదాపు ఒకే మహా కంపెనీ చేతిలో ఉండేవి. బెల్‌గారి పేరుతో మొదలైన ఏ.టి. అండ్ టి. అనే కంపెనీ అది. మా తీగకు మా సామాను తప్ప పరాయి సామాను తగిలించరాదని దాని శాసనము. ఇంటిలోని ఫోను కూడా ఇంటివారిది కాదు, కంపెనీదే, అద్దెకు వాడుకోవాలి. తీగ విప్పి టెలిప్రింటరు కలిపితే కనెక్షను తీసివేయవచ్చు.

వైట్‌బ్రెక్ట్ తీగను ముట్టుకోనే లేదు. కంపెనీ తీగను కాపాడుకున్నది గాని గాలిని కాపాడుకోలేదు కదా! ఫోను రిసీవరును పడుకోబెట్టటానికి గుంటలున్న ఒక పెట్టె చేశాడు. టైపు కొట్టినప్పుడు ఆ పెట్టె రిసీవరులోనికి ఊళ వేస్తుంది. ఆ ఊళ మనిషి గొంతు పోయినట్టే తీగ వెంట పోతుంది. అవతలి పెట్టె దానిని అందుకొని టెలిప్రింటరుకు అందిస్తుంది. ఫోను కంపెనీ దృష్టిలో ఇద్దరు మనుష్యులు మాట్లాడుకుంటున్నట్టే.

ఆ ఊళలో ఉన్నవి రెండే స్వరాలు. ఒకటి సెకనుకు 1400 అదురులు, రెండవది 1800. ఒక్కొక్క అక్షరానికి ఈ రెండు స్వరాలను ఐదుసార్లు వరుస మార్చి పలికిస్తారు. ఐదు పలుకులతో 32 రకాల కూర్పులు వస్తాయి గనుక ఇంగ్లీషు అక్షరాలు 26 సరిపోగా కొన్ని మిగులుతాయి. అంకెలకు, గుర్తులకు ఒక మీట నొక్కి అవే కూర్పులను మరల వాడుకోవాలి. పెద్ద అక్షరాలే గాని చిన్న అక్షరాలు లేవు. వేగము నిమిషానికి సుమారు 60 మాటలు. మన దృష్టికి నత్తనడకే. కాని అంతకుముందు ఉన్నది సున్న అని మరచిపోకూడదు.

చెప్పుకోవడానికి సులువుగా ఉన్నా చేయడానికి ఏమంత సులువు కాలేదు. ఫోను తీగ మనిషి గొంతు కోసము చేసినది. గొంతులో ఒక అక్షరము జారినా వినేవాడు సందర్భాన్నిబట్టి పట్టుకుంటాడు. యంత్రానికి ఆ వివేకము లేదు. ఒక్క పలుకు జారితే ఒక అక్షరానికి బదులు ఇంకొకటి అచ్చవుతుంది. దూరపు ఫోనులలో మాట వెళ్ళి ప్రతిధ్వనిగా తిరిగి వచ్చేది. ఆ ప్రతిధ్వని కూడా కొత్త అక్షరాలుగా పడి కాగితమంతా గజిబిజి. తన ఊళకు తానే మోసపోకుండా పెట్టెను తీర్చడమే వైట్‌బ్రెక్ట్‌గారి అసలు ఘనత. నక్షత్రము నుండి వచ్చే మినుకు వెలుగును చుట్టూ ఉన్న చిల్లర వెలుగు నుండి వేరుచేసిన చేతికే ఈ పని కూడా దొరికింది.

1964 మే నెలలో ఒకనాడు రెడ్‌వుడ్ సిటీలో వైట్‌బ్రెక్ట్, పాసడీనాలో మార్‌స్టర్స్ చెరొక యంత్రము ముందు కూర్చున్నారు. మధ్య దూరము మన హైదరాబాదు నుండి తిరుపతికి ఉన్నంత. మొదటి ప్రయత్నాలలో అర్థము లేని అక్షరాలు పడ్డాయి. సరిచేశారు. మళ్ళీ గజిబిజి. మళ్ళీ సరిచేశారు. చివరికి మాటలు తేటగా అచ్చయ్యాయి. ఇప్పుడు నీకు అచ్చు పడుతున్నదా అని ప్రశ్న, ఇక ఈ పూటకు ఆపి గెలిచినందుకు సంతోషించుదామన్న మాట ఆ కాగితము మీద మిగిలినవి. ఇద్దరు చెవిటివారు మధ్యలో ఎవరి చెవీ అరువు తెచ్చుకోకుండా మామూలు ఫోను మీద దూరాన ఉండి మాట్లాడుకున్నారు.

అదే వసంతములో న్యూయార్కులో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆ మహా కంపెనీవారు బొమ్మ కనిపించే ఫోనును ఎంతో ఆడంబరముగా చూపించారు. ముఖము చూస్తూ మాట్లాడే ఫోను! చెవిటివారికి ఎంత మేలు అని అందరూ అనుకున్నారు. కొద్ది పట్టణాల మధ్య అది నడిచింది. మూడు నిమిషాలకు 16 డాలర్లు మొదలుకొని రుసుము. సామాన్యుడు తాకలేక అది మూలపడింది. మార్‌స్టర్స్‌గారి ముఠా వాడినవి తుక్కు కింద పారేసిన టెలిప్రింటర్లు.

తుక్కు బండ్లు, కార్ల కొట్టాలు

పెట్టె తయారైనది గాని అది తగిలించడానికి టెలిప్రింటర్లు కావాలి. కొత్తవి కొనే స్తోమత చెవిటివారిలో ఎంతమందికి ఉంటుంది? తంతి కంపెనీలు, పత్రికలు పాతబడి పారేసే యంత్రాల మీద కన్ను పడింది. ఒక్కొక్కటి వంద కిలోల దగ్గర బరువు. చెవిటి యువకులు, పెద్దవారు శనివారాలు ట్రక్కులు తీసుకొని పోయి వాటిని మోసుకొచ్చి, కార్లు పెట్టుకొనే కొట్టాలలో విప్పి, నూనె పోసి, మసి తుడిచి, పండ్ల చక్రాలు మార్చి బాగుచేసేవారు. ఎలక్ట్రీషియన్లు కానివారు కూడా ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. ఇంటిలోనికి చేర్చాక అది పనిచేస్తే నేల అదిరేది. ఫోను వచ్చినప్పుడు గంటకు బదులు దీపము ఆరి వెలిగేది.

మొదటి రెండు మూడు సంవత్సరములు దేశమంతటి మీద ఇటువంటి యంత్రాలున్న ఇండ్లను వ్రేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఫోను అనేది ఒక్కరి దగ్గర ఉంటే ఉపయోగము లేదు. అవతల ఇంకొకరి దగ్గర ఉండాలి. నాకెందుకు, ఎవరికి చేయను అని ప్రతివాడూ అనుకుంటే అది పుట్టగానే చచ్చేది. ఇక్కడ ఇంకొక చిక్కు కూడా ఉన్నది.

అమెరికా చెవిటివారిలో అప్పటికే రెండు పక్షాలు. పెదవులు చూసి, నోటితో మాట్లాడటము నేర్వాలి, సైగలు కూడదు అనేది ఒక పక్షము. బెల్‌గారు దీనికి పెద్ద దిక్కు. సైగలే మా మాతృభాష, దానిని మా నుండి లాక్కోవద్దు అనేది రెండవ పక్షము. సైగల మీద నిషేధముతో తరాల పిల్లలకు జరిగిన కీడు తక్కువది కాదు, రెండవ పక్షమువారి కోపములో చాలా న్యాయము ఉన్నదని మా అభిప్రాయము. వైట్‌బ్రెక్ట్, మార్‌స్టర్స్, శాక్స్ ముగ్గురూ నోటితో మాట్లాడే పెంపకములో పెరిగినవారు. యంత్రాన్ని 1964 జూన్‌లో మొదట చూపించినది కూడా బెల్ పేరుగల సంఘము సభలలోనే. కనుక సైగలవారు ఇదేమి ఎత్తు అని అనుమానించడము సహజము. మిషనుకు మిషనుకు మధ్య ఒకప్పుడు నడిచిన తగవులు ఎరిగిన మన పెద్దలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

అయినా 1968లో ఇండియానాపోలిస్ పట్టణములో బెల్ సంఘము తరఫున లేథమ్ బ్రూనిగ్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు, చెవిటివారి జాతీయ సంఘము తరఫున జెస్ స్మిత్ అనే ఉపాధ్యాయుడు ఒక బల్ల దగ్గర కూర్చుని, పాత టెలిప్రింటర్లు పంచిపెట్టే ఉమ్మడి సంస్థ ఒకటి పెట్టుకున్నారు. ఇద్దరూ చెవిటివారే. అదే సంవత్సరము ఏ.టి. అండ్ టి. కంపెనీ తన పాత యంత్రాలను వారికి ఇచ్చుటకు ఒప్పుకున్నది. అదే సంవత్సరము టెక్సాసువాడొకడు వేసిన వ్యాజ్యములో, ఫోను తీగకు పరాయి సామాను తగిలించరాదన్న కంపెనీ నిబంధన చెల్లదని ప్రభుత్వ సంస్థ తీర్పు ఇచ్చింది. దానిని కార్టర్‌ఫోన్ తీర్పు అంటారు. ఇండ్లలో ఎవరి ఫోను వారు కొనుక్కొని పెట్టుకోవడము, ఆ తర్వాత కంప్యూటరును ఫోను తీగకు కలుపుకోవడము ఈ మలుపు తర్వాతనే సాగినవి.

'ఇక మీరు కానివ్వండి'

ఈ ఫోనులో ఇద్దరూ ఒక్కసారే టైపు కొడితే అక్షరాలు కలిసిపోతాయి. కనుక చెప్పడము అయిన తర్వాత జి, ఏ అని రెండు అక్షరాలు కొట్టేవారు. ఇక మీరు కానివ్వండి అని దాని అర్థము. ముగించేటప్పుడు ఎస్, కె. సెలవు తీసుకోవడములో మనకున్న తాత్సారము వారికీ ఉన్నది, ఒకరు ఎస్.కె. కొట్టిన తర్వాత ఇంకొకరు ఇంకో మాట, మళ్ళీ ఎస్.కె. కాగితపు చుట్ట మీద సంభాషణ అంతా మిగిలేది. ఒకరి మాట పూర్తిగా అయ్యేవరకు ఆగడము అనే మర్యాద యంత్రమే నేర్పింది. ఈ ఒక్క విషయములో మన కమిటీ సమావేశాలకు కూడా అటువంటిది ఒకటి తెచ్చిపెడితే బాగుండునేమో!

వినగలవారితో మాట్లాడటము ఎట్లా? అందుకు మధ్యవర్తి కేంద్రాలు లేచాయి. చెవిటి మనిషి టైపు కొడితే కేంద్రములోని మనిషి దానిని అవతలివారికి చదివి వినిపించి, వారు చెప్పినది తిరిగి టైపు కొడుతుంది. 1987లో కాలిఫోర్నియా రాష్ట్రములో ఇది రాత్రింబగళ్ళు నడిచే సేవ అయింది. 1990 జూలైలో వికలాంగుల హక్కుల చట్టము వచ్చి, మూడేండ్లలో దేశమంతటా ఈ సేవ ఉండి తీరాలని శాసించింది. పొరుగింటి తలుపు తట్టి బ్రతిమాలుకొనే రోజులు పోయి, రుసుము కట్టే ఖాతాదారునిగా అడిగే రోజులు వచ్చాయి.

లోపము కూడా చెప్పుకోవాలి. పాత టెలిప్రింటరు లిపికి అతుక్కుపోయినందువలన చెవిటివారి యంత్రాలు ఆ తర్వాత వచ్చిన కంప్యూటర్ల లిపితో కలవలేకపోయాయి. టైపు కొట్టి మాట్లాడటానికి నోటి మాటకంటె ఎక్కువ సేపు పడుతుంది గనుక దూరపు ఫోనులకు బిల్లు తడిసి మోపెడయ్యేది. రాయితీలు అడిగి అడిగి తెచ్చుకోవలసి వచ్చింది. పైగా ఇంగ్లీషు వ్రాత బాగా రానివారికి, సైగలలోనే ఆలోచించేవారికి అది పరాయి భాషలో మాట్లాడటమే. మన దగ్గర చదువు అందని చెవిటి బిడ్డ చేతిలో అక్షరాల ఫోను పెట్టినా అదే ఇబ్బంది వస్తుంది.

మన వైపు సంగతి

ఈ బరువైన యంత్రము మన పల్లెలకు రాలేదు. మన చెవిటి అన్నదమ్ములు ఎస్.టి.డి. బూతు వాడి వైపు చీటీ జాపి, వాడు చదివి మాట్లాడగా నిలబడిన తరమువారు. తరువాత సెల్‌ఫోను సందేశాలు వచ్చాయి. 2016 తర్వాత డేటా చవకై, బొమ్మ కనిపించే ఫోను పేదవాని చేతికీ వచ్చింది. ఇప్పుడు బస్టాండులో ఒక కుర్రవాడు ఫోనును గోడకు ఆనించి రెండు చేతులతో తన వాళ్ళతో కబుర్లాడుతుంటే చూసే ఉంటారు. న్యూయార్కు ప్రదర్శనలో గొప్పవారికి చూపించిన ముచ్చట అదే. ఢిల్లీలో 2015లో భారతీయ సైగల భాషకు ఒక పరిశోధనా కేంద్రము ఏర్పడి, 2021 నాటికి 10,000 పదాల నిఘంటువు తెచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టము ఏ వస్తువైనా, ఏ సేవ అయినా మొదటి నుండే అందరికీ పనికివచ్చేలా రూపొందించాలనే మాటను చట్టపు మాటగా చేసింది.

మన మందిరాలలో మైకుసెట్టుకు చందా అంటే వేలు పోగవుతాయి. నాలుగు స్పీకర్లు ఉన్నచోట ఆరు పెడతాము. వెనుక బల్ల మీద కూర్చున్న చెవిటి పిల్లవానికి ఆరు అయినా అరవై అయినా ఒకటే. పాట మాటలు, వాక్యభాగము గోడ మీద పెద్ద అక్షరాలతో పడే ఏర్పాటు కొన్ని సంఘాలలో ఉన్నది. అది చెవిటివానికే గాక కళ్ళజోడు మరచి వచ్చిన తాతగారికీ, పాట కొత్తగా నేర్చుకొనే కోడలికీ పనికివస్తున్నది. బోధకుడు దీపానికి ఎదురుగా, ముఖము కనబడేలా నిలబడితే ఖర్చే లేదు. ఇంటి తలుపు గంటకు దీపము కలపడము ఊరి ఎలక్ట్రీషియను ఒక్క పూటలో చేసే పని. పిల్లవాడు పిలిస్తే తిరిగి చూడటము లేదని అనుమానము వస్తే ఏడాది, రెండేండ్లు ఎదురుచూడవద్దు. సికిందరాబాదులో వినికిడి లోపమువారి కోసము జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రము ఉన్నది; జిల్లా ఆసుపత్రిలో చెవి డాక్టరును అడిగినా దారి చెప్తారు.

వైట్‌బ్రెక్ట్ పెట్టెకు 1970లో పేటెంటు వచ్చింది. శాక్స్, మార్‌స్టర్స్‌తో కలిసి పెట్టిన చిన్న కంపెనీ ఆయనను ధనవంతుని చేయలేదు. పెట్టె నమూనా మీద కాలక్రమేణా ఇతర కంపెనీలు చేతిలో ఇమిడే యంత్రాలు చేసి అమ్ముకున్నాయి. ఆయన రేడియో, నక్షత్రాలు, కుక్క వీటితో కాలము గడిపాడు. 1983 మే నెలలో కుక్కను తీసుకొని రోడ్డు దాటుతుండగా కారు గుద్ది, ఆ దెబ్బలతో మరణించాడు. వయస్సు 63. దేశమంతటా మధ్యవర్తి సేవ వచ్చిన రోజు ఆయన చూడలేదు. మార్‌స్టర్స్ మాత్రము ముసలితనము వరకు బ్రతికి, 2009 జూలైలో 85 ఏండ్ల వయస్సులో చనిపోయాడు. అప్పటికి నేల అదిరించే యంత్రాలు మూలపడిపోయాయి. అమెరికాలో వినగలిగిన పిల్లలు కూడా ఫోనులో మాట్లాడటము మాని, అక్షరాలు కొట్టి పంపుకుంటున్నారు.